మాటలు ఆగాయి, లెక్క తప్పుతోంది

మిర్చి సీజన్‌లో పొద్దున్నే వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వెళ్తే కాంటాల దగ్గర ఊపిరి సలపని పని కనిపిస్తుంది. బస్తా కాంటా మీద పడగానే దడవాయి తూకం కేకేస్తాడు. "ముప్పై తొమ్మిదిన్నర!" పక్కన నిలబడ్డ గుమాస్తా ఆ అంకె చీటీ మీద వేస్తాడు. అతను పెన్ను ఎత్తేలోపే హమాలీలు ఆ బస్తా దించి ఇంకోటి ఎక్కిస్తారు. "నలభై ఒకటి!" చూసేవాళ్లకు ఇది పెద్ద తెలివి అక్కర్లేని పనిలా ఉంటుంది. కానీ చెవిన పడ్డ అంకెను రెండు క్షణాలు మనసులో పట్టుకోవాలి. దాన్ని రాస్తూనే తర్వాతి కేక వినాలి. పక్క కుప్ప దగ్గర ధర మీద జరుగుతున్న గొడవను చెవికి ఎక్కించుకోకూడదు. బస్తా లెక్క తప్పితే అక్కడికక్కడే పసిగట్టాలి, లేకపోతే తక్‌పట్టీలో (రైతుకు ఇచ్చే లెక్క చీటీలో) రైతు డబ్బు తగ్గిపోతుంది.

స్కిజోఫ్రీనియా వచ్చి, మందులు వాడి, ఏడాది తర్వాత ఇదే పనికి తిరిగొచ్చిన ఇరవై ఆరేళ్ల గుమాస్తాను ఊహించుకుందాం. చెవుల్లో మాటలు ఆగిపోయాయి. ఎవరో వెంటపడుతున్నారన్న భయం పోయింది. రాత్రిళ్లు నిద్ర పడుతోంది. ఇంట్లోవాళ్ల లెక్కలో నయమైపోయినట్టే. కాంటా దగ్గర మాత్రం మూడో బస్తా తూకం రాసేసరికి ఐదోది దిగిపోతుంది. వారం తిరక్కుండానే అడ్తిదారు (పనిలో పెట్టుకున్న కమీషన్ వ్యాపారి) ఇతనితో కాదంటాడు. ఇంటికొస్తే తండ్రి దానికి పెట్టే పేరు బద్ధకం.

బద్ధకం అనుకునేది చాలాసార్లు జబ్బులో భాగమే. వైద్యులు దాన్ని కాగ్నిషన్ లోపం అంటారు. తెలుగులో గ్రహణశక్తి అనుకుందాం. ధ్యాస నిలపడం, విన్నది గుర్తుంచుకోవడం, పనిని వరుసలో పెట్టుకోవడం, వేగంగా ఆలోచించడం, ఎదుటివాడి ముఖం చూసి మనసు పసిగట్టడం, ఇవన్నీ అందులోకే వస్తాయి. భ్రమలకు, చెవుల్లో వినిపించే మాటలకు 1950ల నుంచి మందులున్నాయి. గ్రహణశక్తిని తిరిగి తెచ్చే మందు ఇప్పటికీ లేదు. ఐక్లెపెర్టిన్ అనే మందు మీద చాలామంది ఆశ పెట్టుకున్నారు, 2025 జనవరిలో అదీ మూడో దశ పరీక్షల్లో తేలిపోయింది.

విచిత్రమేమిటంటే ఈ జబ్బుకు మొదట పెట్టిన పేరే గ్రహణశక్తి గురించి. 1890లలో జర్మన్ వైద్యుడు ఎమిల్ క్రెపెలిన్ దీన్ని డిమెన్షియా ప్రీకాక్స్ అన్నాడు. వయసు రాకముందే వచ్చే మతిమరుపు అన్నట్టు. 1908లో స్విట్జర్లాండ్ వైద్యుడు యూజెన్ బ్లాయిలర్ స్కిజోఫ్రీనియా అన్న పేరు తెచ్చాడు. ఆ తర్వాత దశాబ్దాల తరబడి అందరి కళ్లూ భ్రమల మీదే నిలిచాయి. భ్రమలు గోల చేస్తాయి, వీధినపడేస్తాయి, పోలీసుల దాకా తీసుకెళ్తాయి. మతిమరుపు అలా చప్పుడు చేయదు.

లోపం ఎంతుంటుందో కొలవడానికి చాలా మామూలు పరీక్షలే వాడతారు. కాగితం పైన ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు, ఒక్కో అంకెకు ఒక్కో గుర్తు ఉంటాయి. కింద వరుసల్లో గుర్తులు మాత్రమే ఇస్తారు. తొంభై సెకన్లలో ఎన్నింటికి సరైన అంకె రాయగలరన్నదే పరీక్ష. ఇంకో పరీక్షలో పదిహేను మాటలు చదివి, గుర్తున్నవి చెప్పమంటారు. మళ్లీ అవే చదువుతారు, మళ్లీ చెప్పమంటారు, అలా ఐదుసార్లు. 1998లో హైన్రిక్స్, జక్జానిస్ అనే ఇద్దరు పరిశోధకులు 204 అధ్యయనాలను కలిపి చూశారు. అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తిన్నది మాటల జ్ఞాపకం. ఆరోగ్యంగా ఉన్న వంద మందిని మార్కుల ప్రకారం వరుసలో నిలబెడితే, ఈ జబ్బున్న సగటు మనిషి ఆ పరీక్షలో కింది నుంచి ఎనిమిదో మనిషి పక్కన నిలబడతాడు. అంకెలు–గుర్తుల పరీక్షలోనైతే ఇంకాస్త కిందికే పోతాడని తర్వాత వచ్చిన ఇంకో సమీక్ష చూపింది. కాంటా దగ్గరి పని ఈ రెండు పరీక్షలూ కలిపి పెట్టినట్టే ఉంటుంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పుకోవాలి. ఈ పరీక్షలు బడికి వెళ్లిన చేతుల కోసం తయారైనవి. ములుగు వైపు గూడెంలో పెన్సిల్ పట్టని యాభై ఏళ్ల మనిషికి ఆ కాగితం ఇస్తే, ఏ జబ్బూ లేకపోయినా తక్కువ మార్కులే వస్తాయి. అందుకే అదే చదువు, అదే వయసు ఉన్నవాళ్లతో పోల్చి చూడకపోతే ఆ అంకెకు విలువ ఉండదు.

అసలు ప్రశ్న ఈ లోపం ఎప్పుడు మొదలవుతుందన్నది. సాధారణంగా జబ్బు బయటపడేది 18–30 ఏళ్ల మధ్య. కానీ తర్వాత జబ్బు బారిన పడ్డవాళ్ల చిన్ననాటి తెలివి పరీక్షలు తిరగేస్తే, అప్పటికే సగటున సుమారు 8 పాయింట్లు తక్కువగా కనిపిస్తాయి. ఇది సగటు మాత్రమే, క్లాసులో ఫస్టు వచ్చినవాళ్లకూ ఈ జబ్బు వస్తుంది. స్వీడన్‌లో పది వేల మందికి పైగా అబ్బాయిలకు 13 ఏళ్లప్పుడు, మళ్లీ 18 ఏళ్లప్పుడు పెట్టిన పరీక్షలను పోల్చి 2013లో ఫలితాలు ప్రచురించారు. ఈ ఐదేళ్లలో భాషా సామర్థ్యం తోటివాళ్లకంటే వెనకబడినవాళ్లకు తర్వాత సైకోసిస్ (భ్రమలు, లేని మాటలు వినిపించే జబ్బుల జాతి, స్కిజోఫ్రీనియా అందులో ఒకటి) ముప్పు ఎక్కువగా ఉంది.

ఈ వయసు లెక్కకు మన దగ్గర ఇంకో అర్థముంది. హనుమకొండ హాస్టళ్లలో ఇంటర్, ఎప్‌సెట్ (పాత ఎంసెట్) కోచింగ్ సాగేది సరిగ్గా ఈ ఐదేళ్ల చివర్లోనే. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లాడు ఫస్టియర్‌లో జారిపోతాడు, సెకండియర్‌లో గదిలోంచి బయటికి రాడు, ఆ తర్వాత ఎవరో తిడుతున్నట్టు వినిపిస్తోందంటాడు. చదువు టెన్షన్ వల్లే పిల్లాడికి ఇలా అయిందని ఇంట్లో తీర్మానిస్తారు. టెన్షన్ పాత్ర అసలు లేదనలేం. కానీ స్వీడన్ లెక్కను బట్టి చూస్తే చాలామంది విషయంలో వరుస తిరగబడి ఉంటుంది. మార్కులు జారడం జబ్బుకు కారణం కాకుండా, జబ్బు వేసిన మొదటి అడుగు అయ్యుండొచ్చు. హాస్టల్ మారిస్తే సరిపోతుందనుకుని ఒక ఏడాది పోగొట్టుకునే కుటుంబాలకు ఈ తేడా చాలా ముఖ్యం.

ఇక పరిసరాల సంగతి. పర్యావరణం అనగానే రామగుండం పొగ గొట్టాలు, భూపాలపల్లి బొగ్గు దుమ్ము గుర్తొస్తాయి. ఈ చర్చలో ఆ మాటకు అర్థం చాలా వెడల్పు. జన్యువులు కానిదంతా అందులోకే వస్తుంది. తల్లి కడుపు, పురిటి గది, పెరిగిన వీధి, పడ్డ దెబ్బలు, పీల్చిన గంజాయి, ఇంట్లో వినిపించే తిట్లు, అన్నీ.

జన్యువుల బలం తక్కువేమీ కాదు. కవల పిల్లల మీద చేసిన అధ్యయనాలు ఈ జబ్బు ముప్పులో మనిషికీ మనిషికీ ఉండే తేడాల్లో దాదాపు 80 శాతం వారసత్వానికి ముడిపడి ఉందంటాయి. 2022లో వచ్చిన భారీ జన్యు అధ్యయనం 76 వేల మందికి పైగా రోగులను పరిశీలించి, జన్యుపటంలో 287 చోట్ల సంబంధం చూపింది. ఒక్కో చోటి ప్రభావం మాత్రం గోరంత. అచ్చుగుద్దినట్టుండే కవలల్లో ఒకరికి జబ్బు వస్తే రెండోవాళ్లకు రావడం సగం కంటే తక్కువ సందర్భాల్లోనే. మిగిలిన తేడా పరిసరాలదీ, యాదృచ్ఛికతదీ.

డెన్మార్క్‌లో పుట్టిన ప్రతి మనిషికీ రిజిస్టర్ ఉంటుంది కాబట్టి ఈ లెక్క అక్కడ బాగా తేలింది. 1999లో మోర్టెన్సెన్ బృందం ప్రచురించిన ఫలితాల ప్రకారం, తల్లికి జబ్బు ఉంటే బిడ్డకు ముప్పు సుమారు 9 రెట్లు. రాజధానిలో పుట్టినవాళ్లకు పల్లెలో పుట్టినవాళ్లకంటే 2.4 రెట్లు. తొమ్మిది ముందు రెండున్నర చిన్నదే. కానీ అమ్మకో నాన్నకో ఈ జబ్బున్న పిల్లలు ఎంతమంది ఉంటారు? చాలా కొద్దిమంది. పట్నంలో పుట్టేవాళ్లు లక్షలమంది. అందుకే మొత్తం కేసుల్లో తల్లిదండ్రుల, తోబుట్టువుల జబ్బు ఖాతాలో పడేది 5.5 శాతం, పుట్టిన చోటు ఖాతాలో పడేది 34.6 శాతం. పెళ్లి సంబంధం వస్తే వాళ్ల వంశంలో ఎవరికైనా ఉందా అని ఆరా తీసే అలవాటుకు ఈ రెండు అంకెలూ గట్టి జవాబు. జబ్బున్నవాళ్లలో ఎక్కువమందికి తల్లిదండ్రుల్లో గానీ తోబుట్టువుల్లో గానీ ఆ జబ్బు కనిపించదు.

ఆ పట్నం లెక్కను తెచ్చి వరంగల్‌కు అతికించాలనుకుంటే మాత్రం పొరపాటే. 2018లో 42 పేద, మధ్యాదాయ దేశాల సమాచారాన్ని కలిపి చూస్తే పట్నవాసానికీ సైకోసిస్‌కీ సంబంధమే కనిపించలేదు. అంటే కాంక్రీటులో విషం లేదు. డెన్మార్క్ పట్నంలో మనిషిని కుంగదీసేదేదో ఉంది, బహుశా ఒంటరితనం, నలుగురిలో వేరుగా ఉన్నామన్న భావన. వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిపి ఎంత పెద్ద నగరమైనా, కాలనీల్లో చాలామందికి ఇంకా ఊళ్లో ఒక ఇల్లు, పండగకు వెళ్లాల్సిన చోటు ఉంటాయి. పైగా ఇక్కడ పట్నం అంటే ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రి, కూలి పని, బస్సు. మన దగ్గర ఊరు వదలడం ముప్పా, ఊళ్లోనే వైద్యం లేకుండా ఉండిపోవడం ముప్పా అన్నది డెన్మార్క్ పుస్తకం చూసి చెప్పే సంగతి కాదు.

వలస విషయంలోనూ అంతే జాగ్రత్త అవసరం. యూరప్‌లో స్థిరపడ్డ వలస కుటుంబాల్లో ముప్పు రెండున్నర రెట్లకు పైగా ఉందని, వాళ్ల పిల్లల్లో ఇంకా పెరిగిందని 2005లో ఒక సమీక్ష తేల్చింది. లండన్‌లో ఇంకో విశేషం బయటపడింది. తమవాళ్లు గుంపుగా ఉన్న పేటల్లో ముప్పు తక్కువ, తెల్లవాళ్ల మధ్య విడిగా ఉన్నచోట ఎక్కువ. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్లు మెడికల్ పరీక్ష దాటి, పెద్దవాళ్లయ్యాక, లేబర్ క్యాంపులో తెలుగువాళ్ల మధ్యే బతుకుతారు. వాళ్ల కష్టం వేరే రకం. ఉన్న జబ్బుకు అక్కడ మందు ఆగిపోవడమే వాళ్ల విషయంలో ఎక్కువ కంగారు పెట్టే సంగతి.

గ్రహణశక్తి మీద బలంగా గుర్తు వేసేవి అన్నిటికంటే ముందు దశలోవి, కడుపులో ఉన్నప్పుడు, పుట్టేటప్పుడు జరిగేవి. 1944–45 చలికాలంలో నాజీల దిగ్బంధంలో హాలండ్ ఆకలితో అల్లాడింది. ఆ కరువు ముదిరిన రోజుల్లో కడుపులో పడ్డ పిల్లల్లో స్కిజోఫ్రీనియా ముప్పు రెట్టింపైంది. 1959–61 చైనా కరువు తర్వాత అన్హుయ్ రాష్ట్రంలోనూ దాదాపు అదే లెక్క వచ్చింది. పురిటి సమయంలో బిడ్డకు ప్రాణవాయువు అందకపోతే మెదడులో ముందుగా దెబ్బ తినే చోట్లలో హిప్పోక్యాంపస్ ఒకటి. కొత్త జ్ఞాపకాలు తయారయ్యేది అక్కడే. ఆ పదిహేను మాటల పరీక్షలో స్కిజోఫ్రీనియా రోగులు ఎందుకంత వెనకబడతారో ఇక్కడ కొంత అర్థమవుతుంది. ఇలాంటి దెబ్బ పడ్డ బిడ్డ జబ్బు బయటపడడానికి పదిహేనేళ్ల ముందే నడకలో, మాటలో, చదువులో కాస్త వెనకబడి ఉండొచ్చు.

తెలంగాణకు ఇందులో ఒక మంచి కబురు, ఒక చెడ్డ కబురు ఉన్నాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. మంత్రసాని చేతిలో గంటల తరబడి బిడ్డ అడ్డం తిరిగిన రోజులు పోయాయి. సిజేరియన్లు 60 శాతం దాటడం మాత్రం వేరే రోగం, అది ఇంకో వ్యాసానికి సరిపడా సంగతి. అదే సర్వేలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. గర్భంలో ఇనుము లోపానికీ బిడ్డకు తర్వాత వచ్చే స్కిజోఫ్రీనియాకూ సంబంధం ఉన్నట్టు అమెరికా, డెన్మార్క్ అధ్యయనాల్లో కనిపించింది. ఆశా వర్కర్ ఇచ్చే ఐరన్ మాత్రలు మలబద్ధకం తెస్తున్నాయని అటక మీద పెట్టేసే ఇళ్లు మనకు తెలిసినవే. ఆ మాత్ర వేసుకుంటే స్కిజోఫ్రీనియా రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. వేసుకోవడానికి మాత్రం ఇదొక్కటే కారణం కాదు కదా.

ఇక గంజాయి. ఆంధ్ర–ఒడిశా సరిహద్దు నుంచి వచ్చే సరుకు భద్రాచలం దారిలో, కాజీపేట రైళ్లలో పట్టుబడ్డ వార్త లేని నెల ఉండదు. స్వీడన్‌లో 45 వేల మందికి పైగా సైనిక యువకులను పదిహేనేళ్లు గమనించి 1987లో ఇచ్చిన ఫలితం ఇప్పటికీ ఈ చర్చకు పునాది. యాభైసార్లకు మించి గంజాయి వాడినవాళ్లకు ముప్పు 6 రెట్లు. 2019లో యూరప్, బ్రెజిల్‌లలో 11 చోట్ల జరిగిన అధ్యయనంలో రోజూ ఘాటైన గంజాయి పీల్చేవాళ్లకు సైకోసిస్ ముప్పు దాదాపు 5 రెట్లు ఉంది. జబ్బు మొదలవుతున్న కుర్రాడే కుదురులేక గంజాయి పడుతున్నాడేమో అన్న అనుమానం సహజం. దాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నాక ముప్పు తగ్గింది గానీ సున్నా కాలేదు.

ఇక్కడే మామూలు బుద్ధికి అందని ఫలితం ఒకటుంది. గంజాయి జ్ఞాపకాన్ని మొద్దుబారుస్తుంది కాబట్టి, గంజాయి తాగే స్కిజోఫ్రీనియా రోగులు పరీక్షల్లో తాగనివాళ్లకంటే కింద ఉండాలి. చాలా అధ్యయనాల్లో తిరగబడింది. గంజాయి చరిత్ర ఉన్న రోగులకే సగటున మార్కులు ఎక్కువ వచ్చాయి. గంజాయి మేధకు మందని దీనర్థం కాదు, ఆ మాట పట్టుకుని మురిసిపోయేవాళ్లూ ఉంటారు. నమ్మదగ్గ వివరణ వేరే ఉంది. కడుపులోనే మెదడు ఎదుగుదల కుంటుపడ్డవాడు గంజాయి లేకపోయినా ఆ జబ్బు దాకా చేరతాడు, చేరేసరికే గ్రహణశక్తి తక్కువ. మెదడు దాదాపు బాగానే ఎదిగినవాణ్ణి అక్కడిదాకా లాక్కెళ్లడానికి బయటి నుంచి గట్టి తోపు కావాలి, గంజాయి ఆ తోపు ఇచ్చింది. గంజాయి సంపాదించాలన్నా నలుగురితో కలవాలి, బేరం తెలియాలి, పోలీసు కన్ను తప్పించుకోవాలి. ఆ చొరవ ఉన్నవాడి గ్రహణశక్తి ముందునుంచే మెరుగ్గా ఉంటుంది.

అంటే జబ్బు పేరు ఒకటే, చేరిన దారులు వేరు. ఆ దారిని బట్టి బుద్ధి మీద పడే దెబ్బ కూడా వేరు. కేసు షీటు మీద స్కిజోఫ్రీనియా అని ఒక్క మాట రాసినంత మాత్రాన ఇద్దరు కుర్రాళ్లు ఒకే పనికి తిరిగి వెళ్లగలరని చెప్పలేం. పురుడు ఎలా జరిగింది, ఏ వయసుకు మాటలొచ్చాయి, ఏ తరగతిలో చదువు జారింది, గంజాయి ఎప్పుడు మొదలైంది, ఈ నాలుగూ అడిగి రాసుకోవడం ఖర్చులేని పని. గంజాయి దారిలో వచ్చినవాడు మానేస్తే గ్రహణశక్తిని నిలుపుకునే అవకాశం ఎక్కువ. మానకపోతే జబ్బు తిరగబెట్టే ముప్పు పెరుగుతుంది.

ఉత్తర తెలంగాణలో ఇంకో చిక్కు కల్లు. చెట్టు నుంచి దించిన కల్లు సంగతి కాదిది. నిజామాబాద్, కామారెడ్డి వైపు దుకాణాల్లో డైజిపామ్, అల్‌ప్రాజొలామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపిన కల్తీ కల్లు దశాబ్దాలుగా వైద్యులకు తెలిసిన సమస్య. రోజూ తాగే మనిషికి ఒక్కసారిగా అది దొరక్కపోతే రెండు మూడు రోజుల్లో వణుకు, మూర్ఛలు వస్తాయి, లేనివాళ్లు కనిపిస్తారు, వినిపిస్తారు, మనిషి మనిషిగా ఉండడు. 2015 సెప్టెంబరులో కల్తీ మీద దాడులు పెరిగి సరుకు ఆగిపోయినప్పుడు ఆసుపత్రులకు ఇలాంటివాళ్లు బారులు తీరారు. పైకి చూస్తే పిచ్చే. కానీ అది స్కిజోఫ్రీనియా కాదు. మత్తుమందును కొలతగా ఇచ్చి మెల్లగా తగ్గిస్తే సాధారణంగా కొద్దిరోజుల్లో మనిషి తేరుకుంటాడు. వెంటనే ఆసుపత్రికి తేకపోతే ఆ మూర్ఛల్లోనే ప్రాణం పోవచ్చు. గ్రహణశక్తి కోణంలోనూ తేడా ఉంది. డైజిపామ్ జాతి మందులు ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతే కొత్త విషయాలు గుర్తుండవు. అలాంటి మనిషికి జ్ఞాపకం పరీక్ష పెట్టి, వచ్చిన మార్కును స్కిజోఫ్రీనియా ఖాతాలో రాస్తే లెక్కంతా తప్పు. ఏం తాగుతారన్న ప్రశ్నతో ఆగకుండా, ఏ దుకాణంలో తాగుతారు, ఎన్ని సీసాలు, ఎప్పటినుంచి మానేశారు అని అడగాల్సింది అందుకే.

పూనకాన్ని కూడా ఈ గాటనే కట్టేసేవాళ్లు ఉన్నారు. ఐనవోలు, కొమురవెల్లి జాతరల్లో శివసత్తులు సిగమూగుతారు. సిగానికి సమయం ఉంటుంది, డప్పు ఉంటుంది, చుట్టూ దాన్ని గుర్తుపట్టే జనం ఉంటారు. అది దిగాక ఆమె బండెక్కి ఇంటికెళ్లి వంట చేస్తుంది, మర్నాడు నాటుకు పోతుంది. ఏ పనీ చెడదు. స్కిజోఫ్రీనియాలో ముందు చెడేది ఆ పనే. దేవుడు మాట్లాడుతున్నాడా లేదా అన్న వాదనలోకి దిగకుండా, ఆర్నెల్లుగా ఇంటి పని, పొలం పని ఎలా చేస్తున్నారని అడిగితే తేడా చాలావరకు తెలిసిపోతుంది. చేతబడి, గాలి అనుకుంటూ తాయెత్తుల చుట్టూ తిరగడంలో పోయే నెలలు మాత్రం తిరిగిరావు.

చిన్నతనంలో పడ్డ హింస, వేధింపులు సైకోసిస్ ముప్పును దాదాపు 2.8 రెట్లు పెంచుతాయని 2012 నాటి సమీక్ష చెప్పింది. కానీ గ్రహణశక్తితో దాని సంబంధం రోగుల్లో చాలా సన్నగా కనిపిస్తుంది. ఇది కూడా దారుల తేడాయే అనుకోవచ్చు. ఈ మాట రాగానే తల్లి వైపు వేలెత్తే అలవాటొకటుంది. జబ్బును తెచ్చిపెట్టే తల్లి అంటూ 1940ల చివర్లో అమెరికాలో ఒక సిద్ధాంతమే పుట్టి, రెండు తరాల తల్లులను ఏడిపించి, ఆధారం లేక కొట్టుకుపోయింది.

ఇల్లు ఎక్కడ లెక్కలోకి వస్తుందంటే జబ్బు వచ్చాక. ఇంట్లో విమర్శ, విసుగు, తిట్లు ఎక్కువగా ఉన్నచోట జబ్బు తిరగబెట్టడం సుమారు రెట్టింపని బ్రిటన్‌లో మొదలైన అధ్యయనాలు పదేపదే చూపించాయి. చండీగఢ్‌లో ఇదే కొలిచినప్పుడు లండన్‌తో పోలిస్తే విమర్శ తక్కువగా ఉంది. ఇప్పుడు కాంటా దగ్గరి కుర్రాడి సంగతి మళ్లీ చూడండి. తండ్రి "అర కిలో కందిపప్పు, పావు కిలో చింతపండు, ఒక సబ్బు, తిరిగొస్తూ కరెంటు బిల్లు కట్టు" అని ఒక్క గుక్కలో చెప్తాడు. కుర్రాడు సబ్బుతో వస్తాడు. తండ్రికి అది నిర్లక్ష్యంలా కనిపిస్తుంది, నోరు లేస్తుంది. నాలుగు మాటల్లో మూడు జారిపోయింది జ్ఞాపకం లోపం వల్ల. దానికి పడ్డ తిట్టు జబ్బును మళ్లీ లేపే పరిసరం. గ్రహణశక్తి లోపం, పరిసరాల ముప్పు ఒకదాన్నొకటి పెంచుకునేది ఇదిగో, ఇలా వంటింటి గుమ్మం దగ్గరే.

మందుల్లోనూ ఒక పరిసరం దాగి ఉంది. సైకోసిస్ మందులకు వచ్చే వణుకు, బిగుసుకుపోవడం తగ్గించడానికి ట్రైహెక్సీఫెనిడిల్ మాత్ర జోడిస్తారు. అది జ్ఞాపకాన్ని దెబ్బతీసే జాతి మందు. ఆ జాతి మందుల భారం పెరిగేకొద్దీ స్కిజోఫ్రీనియా రోగుల మార్కులు తగ్గుతున్నాయని 2021లో వెయ్యిమందికి పైగా రోగుల మీద వచ్చిన అధ్యయనం చూపించింది. అవసరమైనవాళ్లకు అది అవసరమే. పాత చీటీ చూపించి ఏళ్ల తరబడి అదే కొనుక్కుంటూ పోయేవాళ్లు, ఇప్పుడూ కావాలా అని డాక్టర్‌ను ఒకసారి అడగడం మంచిది. సొంతంగా ఆపడం మాత్రం వద్దు.

1960ల చివర్లో ఆగ్రాను, తర్వాత చండీగఢ్‌ను కలుపుకుని ప్రపంచ ఆరోగ్య సంస్థ చేసిన అధ్యయనాల్లో పేద దేశాల రోగులే మెరుగ్గా కోలుకున్నట్టు తేలింది. ఆ తీర్పు మీద తర్వాత చాలా అభ్యంతరాలు వచ్చాయి, 2008 నాటి ఒక సమీక్ష దాన్ని గట్టిగానే ప్రశ్నించింది. అయినా అందులో కొంత నిజముంటే, దానికి కారణం మన జన్యువులూ కాదు, మన సంస్కారమూ కాదు, అప్పటి పని అనిపిస్తుంది. మేకలు కాయడం, పత్తి ఏరడం, నారు పీకడం. వేగం తక్కువైనా కూలి దొరికేది, పక్కవాళ్లను చూస్తూ చేస్తే సరిపోయేది. ఇవాళ అదే ఊళ్లో ఫోన్‌లో ఓటీపీ చూసి చెప్పాలి, బ్యాంకులో ఫారం నింపాలి, ఉపాధి హామీకి ఫొటో హాజరు వేయించుకోవాలి. లోపం అంతే ఉన్నా, దాన్ని బయటపెట్టే సందర్భాలు పెరిగాయి.

2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే దేశంలో 1.41 శాతం మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సైకోసిస్ జాతి జబ్బు వచ్చిందని, వాళ్లలో సుమారు నలుగురిలో ముగ్గురికి చికిత్స అందడం లేదని తేల్చింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో తెలంగాణ లేదు. 2016 వికలాంగుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మానసిక జబ్బు ఒకటి. వైకల్య ధ్రువపత్రం ఇచ్చే (సదరం) శిబిరాల్లో వాడే ఐడియాస్ కొలమానం సొంత పనులు, మనుషులతో మెలగడం, మాట అర్థం చేసుకోవడం, ఉద్యోగం అనే నాలుగింటిని చూస్తుంది. మందులతో ప్రశాంతంగా కూర్చున్న కుర్రాడు పది నిమిషాల్లో బాగానే కనిపిస్తాడు. కాంటా దగ్గర ఏం జరిగిందో వెంట వచ్చినవాళ్లు చెప్పాలి, పని పోయిన తేదీలతో సహా.

గ్రహణశక్తికి శిక్షణ కూడా ఉంది. 2011లో 40 అధ్యయనాలను, 2021లో 130 అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలు రెండూ ఓ మోస్తరు మేలు ఉందన్నాయి. ఆ శిక్షణను పునరావాసంతో, నిజమైన పనితో జోడించినప్పుడు ఫలితం బతుకులో ఎక్కువగా కనిపించింది. కంప్యూటర్ ఆటలతో ఆగిపోతే ఆ మేలు తక్కువే. దగ్గర్లో మానసిక వైద్యులు లేనివాళ్లు టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే అడగొచ్చు.

ఇంట్లో చేసేది ఇంకా తేలిక. సామాను చీటీ మీద రాసి ఇవ్వడం, కరెంటు బిల్లు రేపటికి పెట్టడం, మాత్రలకు ఫోన్‌లో అలారం పెట్టడం. ఎనుమాములలోనైతే తూకం రాసే చోటు అతనికి సరిపడదు, అక్కడ వేగం దడవాయి చేతిలో ఉంది. రాసిన చీటీలు పోగుచేసి అడ్తి దుకాణంలో ఇచ్చే పనికి, బస్తాలకు కుట్టు వేసే పనికి ఆ తొందర లేదు. మొదటి నెల పొద్దున రెండు గంటలు, రద్దీ తగ్గాక ఇంకో రెండు గంటలు అని అడ్తిదారుతో మాట్లాడుకుంటే అతను మళ్లీ మార్కెట్‌లో ఉంటాడు.